షాపులో ఖాళీగా నడిచే సిస్టం వాతావరణం లెక్కలకి పనికొస్తుందా?

ప్రశ్న: మాస్టారూ నమస్కారం. పలాసలో నాకు జిరాక్స్, డీటీపీ షాపుంది. పొద్దున్న తొమ్మిదికి సిస్టం ఆన్ చేస్తే రాత్రి తొమ్మిది దాకా నడుస్తూనే ఉంటాది, పని మాత్రం మూడు గంటలు కూడా ఉండదు, పెళ్ళిళ్ళ సీజన్లో కార్డులుంటే కొంచెం ఎక్కువ. ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు వచ్చి "మావయ్యా, నీ సిస్టం ఖాళీగా ఉన్నప్పుడు వాతావరణం సైంటిస్టులకి లెక్కలు చేసి పెడతాది, పర్యావరణానికి మేలు" అంటున్నాడు. నిజమేనా? కరెంటు బిల్లు ఎంత పెరుగుతాది? కస్టమర్ల ఆధార్ స్కాన్లు అందులోనే ఉంటాయి, అదొక భయం. తిత్లీ తుఫానుకి మా కొబ్బరితోట మొత్తం పోయింది, అందుకే అడుగుతున్నాను, ఆ లెక్కలు మన వైపుకి ఏమైనా పనికొస్తాయా?
– పలాస నుంచి ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, మీ మేనల్లుడు చెప్పింది నిజమే. తిత్లీ మాట ఎత్తారు కాబట్టి అక్కడ్నుంచే మొదలుపెడతా. 2018 అక్టోబర్ 11 తెల్లారగట్ల అది మీ పలాస దగ్గరే తీరం దాటింది, గాలి గంటకి 140, 150 కిలోమీటర్ల వేగం. వారం తర్వాత నేను ఉద్దానం వైపు వచ్చాను, రోడ్డుకి రెండు పక్కలా కొబ్బరిచెట్లు అన్నీ ఒకే దిక్కుకి పడిపోయి ఉన్నాయి, జీడిచెట్లయితే వేళ్ళతో సహా లేచిపోయాయి. ఎవర్ని కదిపినా ఒకటే మాట, ఇలాంటివి ఈమధ్య ఎందుకు ఇంతగా వస్తున్నాయి అని.

ఆ ప్రశ్నకి ఒక్క తుఫాన్నో ఒక్క వాననో చూసి జవాబు చెప్పలేం. అష్టాచెమ్మా ఆడేటప్పుడు చూడండి, ఒక గవ్వ ఒకపక్క అరిగిపోయి ఎక్కువగా వెల్లకిలా పడుతోందని మనకి అనుమానం వస్తుంది, ఒకసారి వేస్తే తెలుస్తుందా, తెలీదు, వందలసార్లు వేసి లెక్కపెట్టాలి. వాతావరణం కూడా అంతే, కాకపోతే దాన్ని నిజంగా మళ్ళీ మళ్ళీ వేసి చూడలేం కదా, 2018 అక్టోబర్ ఒక్కసారే వస్తుంది. అందుకని కంప్యూటర్లో వేస్తారు. ఒకే సీజన్ని మొదట్లో చిన్న చిన్న తేడాలు పెట్టి వేలసార్లు నడుపుతారు, ఒక కట్ట ఇప్పుడున్న గాలితో, ఇంకో కట్ట మనుషులు బొగ్గు, పెట్రోలు కాల్చి వదిలిన వాయువులు అసలు లేకపోయి ఉంటే ఎలా ఉండేదో అలా. తర్వాత రెండు కట్టల్లోనూ విపరీతమైన వాన ఎన్నిసార్లు పడిందో, వడగాడ్పులు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టి పోలుస్తారు. గవ్వ ఎంత అరిగిందో అప్పుడు తెలుస్తుంది.

అన్నివేలసార్లు నడపాలంటే పెద్ద పెద్ద సంస్థలకి కూడా మిషన్లు చాలవు, అక్కడే మీ షాపు సిస్టం అవసరం. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు 2003లో క్లైమేట్‌ప్రెడిక్షన్ డాట్ నెట్ అని మొదలుపెట్టారు, ఇళ్ళల్లో వాళ్ళు తమ కంప్యూటర్లలో తలో పరుగు, అంటే ఆ లెక్క తలా ఒకసారి, నడిపి ఫలితం వెనక్కి పంపుతారు. 2005లో వాళ్ళ మొదటి ఫలితాలు వచ్చాయి, రెండువేల పైచిలుకు పరుగులు, గాల్లో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి ఎంత వేడెక్కొచ్చు అంటే 2 డిగ్రీల లోపు నుంచి 11 డిగ్రీల పైదాకా వచ్చింది. పదకొండు అయిపోతుందని దానర్థం కాదు, అంచనా అంత వెడల్పుగా ఉండగలదని అన్నిసార్లు నడిపి చూస్తేగానీ బయటపడలేదు. తర్వాత దక్షిణాసియా కోసం వేరేగా మోడల్ (వాతావరణాన్ని అనుకరించే కంప్యూటర్ లెక్క) నడిపారు, బంగ్లాదేశ్‌లో రుతుపవనాల ముందు పడే భారీ వానల్ని దాంతో పరిశీలించారు. వాళ్ళదీ మనదీ ఒకే బంగాళాఖాతం కదా, పనికొస్తుందా అంటే పనికొస్తుందనే నేను గట్టిగా నమ్ముతున్నాను. రేపు తుఫాను వస్తుందా రాదా అన్నది మాత్రం ఇది చెప్పదు, దానికి వాతావరణ శాఖ బులెటినే చూడాలి.

నడపడానికి బోయింక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి, అమెరికాలో బర్కిలీ యూనివర్సిటీ వాళ్ళది. గ్రహాంతరవాసుల సిగ్నళ్ళు వెతికే సెటీ ఎట్ హోమ్ 1999లో మొదలై జనం కంప్యూటర్ల మీదే నడిచింది, ఆ టీమే దీన్నీ తయారుచేసింది.

ఇక కరెంటు. ఖాళీ పవర్ అంటారుగానీ అది ఊరికే వచ్చేది కాదు తమ్ముడూ, ఈ విషయం మొదటే చెప్పాలి. నా డెస్క్‌టాప్‌కి మీటర్ పెట్టి చూశాను, ఊరికే ఉంటే 45 వాట్లు, ఫుల్లుగా లెక్కలు చేస్తుంటే 105. అంటే 60 వాట్లు అదనం, రోజుకి ఎనిమిది గంటలు, నెలకి పాతిక రోజులు వేసుకోండి, పన్నెండు యూనిట్లు. మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకి సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది, ఎందుకంటే ఎక్కువ భాగం బొగ్గు నుంచే కదా, ఆ లెక్కన నెలకి ఎనిమిది కిలోల పైన. థర్మల్ ప్లాంటు వద్దని సోంపేట బీల (చిత్తడి నేల) కోసం 2010లో ప్రాణాలు పోగొట్టుకున్న జిల్లా మనది, పర్యావరణం పేరు చెప్పి బొగ్గు కరెంటు దుబారా చెయ్యడానికి నాకు మనసొప్పదు. కాబట్టి మీ పని కోసం సిస్టం ఎలాగూ ఆన్‌లో ఉండే టైంలోనే నడపండి, దీనికోసం రాత్రంతా వదిలెయ్యొద్దు. బోయింక్ సెట్టింగ్స్‌లో ప్రాసెసర్ కోర్లు (లోపల లెక్కలు చేసే భాగాలు) సగమే వాడమని పెట్టండి, బిల్లూ తగ్గుతుంది వేడీ తగ్గుతుంది. ఫలానా టైం నుంచి ఫలానా టైం దాకా అని కూడా పెట్టుకోవచ్చు, షాపు మీద సోలార్ ఉంటే పది నుంచి మూడు దాకా పెట్టుకుంటే అంతకన్నా కావలసిందేముంది.

వేడి అంటే గుర్తొచ్చింది. మీ ఊళ్ళోనే జీడి ఫ్యాక్టరీల వీధిలో ఒకాయన సిస్టం ఆగిపోతోందంటే క్యాబినెట్ విప్పాను, ప్రాసెసర్ మీది ఫ్యాన్ రెక్కలకి నల్లగా జిడ్డు మసి, వేలు పెడితే అంటుకుపోయింది, పిక్కలు కాల్చిన పొగ అది, దాని మీద దుమ్ము పేరుకుని రేకుల మధ్య సందే కనిపించలేదు. అలాంటి మిషన్ మీద ఈ పని పెడితే వారంలో పోతుంది. ముందు విప్పి శుభ్రం చేయించండి, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట అసలు ఆపెయ్యండి.

ఆధార్ సంగతి: బోయింక్ తనకి వచ్చిన లెక్కనే తన ఫోల్డర్లో పెట్టుకుని చేస్తుంది, మీ ఫైళ్ళు చూడడం దాని పని కాదు. అయినా వేరే వాళ్ళ కార్డులున్న మిషన్ కాబట్టి ఈ రెండూ పాటించండి, సాఫ్ట్‌వేర్ బర్కిలీ వాళ్ళ సైట్ నుంచే దింపుకోండి, ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చింది వెయ్యొద్దు. పని అయిపోయాక ఆ స్కాన్లు తీసెయ్యండి, ఇది బోయింక్ ఉన్నా లేకపోయినా చెయ్యాల్సిందే. ఇంకోటి, క్లైమేట్‌ప్రెడిక్షన్ వాళ్ళ దగ్గర అన్నివేళలా పని దొరకదు, కొన్నాళ్ళు ఏమీ రాదు, చెడిపోయిందనుకుని తీసెయ్యకండి.

ప్రశ్న: సార్, నేను విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాను, కంప్యూటర్ లేదు, పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది. నేనూ చెయ్యొచ్చా? డబ్బులు కూడా ఇస్తారని ఫ్రెండ్ అంది.

జవాబు: చెయ్యొచ్చమ్మా, క్లైమేట్ మోడల్ ఫోన్లో నడవదుగానీ బోయింక్‌కి ఆండ్రాయిడ్ వెర్షన్ ఉంది, ఫోన్లకి పని ఇచ్చే ప్రాజెక్టులు కొన్ని ఉన్నాయి. మామూలుగా ఛార్జింగ్‌లో ఉండి, వైఫై ఉండి, బ్యాటరీ 90 శాతం దాటితేనే అది పని చేస్తుంది, ఆ సెట్టింగులు మార్చకు. డబ్బులు మాత్రం ఇవ్వరు, క్రెడిట్స్ అని పాయింట్లు వస్తాయి అంతే. ఖాళీ ఫోన్‌కి రోజూ డబ్బులిస్తాం, ముందు ఇంత కట్టు అని ఎవరైనా అంటే అది మోసం, నీ ఫ్రెండ్‌కి కూడా చెప్పు. ఫోన్ కవర్ తీసి బల్ల మీద పెట్టు, దిండు కింద పెట్టొద్దు, వెనక ఉబ్బినట్టు కనిపిస్తే వెంటనే ఛార్జింగ్ తీసేసి షాపులో చూపించు.