కమ్యూనిటీ కాలేజీ నుంచి బర్కిలీ సీఎస్‌కి: 3.78 జీపీఏతో ఛాన్స్ ఎంత?

బే ఏరియాలో కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ళ కాలేజీ, అక్కణ్ణుంచి డిగ్రీకి యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవ్వొచ్చు) రెండో ఏడాది, జీపీఏ 4కి 3.78, ఫిజిక్స్‌లో ఒక బి, ఒక డబ్ల్యూ (మధ్యలో వదిలేసిన క్లాసు), డిస్క్రీట్ మ్యాథ్స్ (సీఎస్‌కి పునాది లాంటి గణితం) ఇంకా చెయ్యాలి, యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) బర్కిలీలో సీఎస్‌కి, అంటే కంప్యూటర్ సైన్స్‌కి, ట్రాన్స్‌ఫర్ ఛాన్స్ ఎంత అని మీ పోస్టులో అడిగారు. తక్కువే. కానీ జీపీఏ చూసి ఈ మాట అనడం లేదు.

నేను ఒంగోలులో ఇంటర్ ఎంపీసీ అయ్యాక 2016లో ఫ్రీమాంట్ వచ్చి, మీలాగే కమ్యూనిటీ కాలేజీలో చేరాను. ఆ మొదటి ఏడాది ఒక బర్త్‌డే పార్టీలో నాన్నగారి స్నేహితుడొకాయన పులిహోర ప్లేటు చేతిలో పట్టుకుని, "మా బావమరిది కొడుక్కి 3.6తోనే బర్కిలీ వచ్చిందండీ, మీవాడికి ఢోకా లేదు" అన్నారు. తిరిగొస్తూ కారులో నాన్న ఆ 3.6 అనే మాట నాలుగుసార్లైనా తలుచుకుని ఉంటారు. ఆ అబ్బాయిది సోషియాలజీ అని నాకు ఏడాది తర్వాత తెలిసింది. సోషియాలజీని తక్కువ చేసి అనడం లేదు. క్యాంపస్ ఒకటే అయినా ఆయన చెప్పిన గుమ్మం వేరు, నేను తట్టబోయే గుమ్మం వేరు.

బర్కిలీ, యూసీఎల్ఏ రెండిట్లోనూ ట్రాన్స్‌ఫర్ అప్లికెంట్లలో ఇంచుమించు నాలుగో వంతు మందికి సీటు వస్తుంది. ఆ లెక్క చూసి మనవాళ్ళు "నలుగురిలో ఒకడు, పర్లేదు" అనుకుంటారు. కానీ అది అన్ని సబ్జెక్టులూ కలిపిన లెక్క. యూసీ వాళ్ళ ఇన్ఫర్మేషన్ సెంటర్ సైట్‌లో మేజర్ల (ప్రధాన సబ్జెక్టుల) వారీగా ట్రాన్స్‌ఫర్ పట్టిక ఉంటుంది. ఎంతమంది అప్లై చేశారు, ఎంతమందిని తీసుకున్నారు, తీసుకున్నవాళ్ళలో మధ్య సగం మంది జీపీఏ ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా, అన్నీ అందులో ఉంటాయి. మీ క్యాంపస్, మీ మేజర్ ఉన్న ఆ ఒక్క వరుస చూడండి చాలు. సీఎస్ వరుసలో ఈ మధ్య సంవత్సరాల్లో వందకి పదిమంది కూడా లేరు, జీపీఏలు 4.0కి ఆనుకుని ఉంటాయి. ఒక్క ఏడాది చూసి వదిలెయ్యకండి, మూడేళ్ళవి పక్కపక్కన పెట్టుకోండి.

స్టాన్‌ఫర్డ్ లాంటి ప్రైవేటువి కూడా మనసులో ఉంటే కామన్ డేటా సెట్ అనే పత్రంలో డి విభాగం తెరవండి, ట్రాన్స్‌ఫర్ లెక్క అక్కడుంటుంది. స్టాన్‌ఫర్డ్‌ది చూశాక ఆ ఫీజు డబ్బులతో ఇంటిల్లిపాదీ బిర్యానీ తినొచ్చు అనిపించింది నాకు.

జీపీఏ కన్నా నన్ను దెబ్బతీసింది కోర్సులు. అసిస్ట్ డాట్ ఆర్గ్‌లో మీ కాలేజీ, బర్కిలీ, మేజర్ ఎంచుకుంటే ఎడమవైపు వాళ్ళ కోర్సు, కుడివైపు మీ కాలేజీలో దానికి సరిపోయేది వస్తాయి. మీ కాలేజీలో సరిపోయే కోర్సే లేదని రాసి ఉన్న చోట భయపడక్కర్లేదు, లేని కోర్సు చెయ్యలేదని ఎవరూ తప్పు పట్టరు. ఉండీ చెయ్యకపోతేనే సమస్య. చేసేదేదైనా ఫాల్‌లో (ఆగస్టు, సెప్టెంబర్లలో) యూనివర్సిటీలో చేరడానికి ముందు స్ప్రింగ్ టర్మ్ ముగిసేలోపు అయిపోవాలి. మా కాలేజీలో అలాంటి ఒక కోర్సు మూడు సెమిస్టర్ల సిరీస్. మూడోది సమ్మర్‌లో చేసుకోవచ్చని ఒక కౌన్సెలర్ చెబితే తల ఊపేసి, ఆ స్ప్రింగ్‌లో సులువుగా ఉంటుందని ఆర్ట్ హిస్టరీ పెట్టుకున్నాను. డిసెంబర్‌లో, అప్లికేషన్ పంపేశాక, అసిస్ట్ పేజీ ప్రింట్ తీసి టిక్కులు పెడుతుంటే ఒక్క గడి ఖాళీగా మిగిలింది. అప్పటికి స్ప్రింగ్‌లో ఆ క్లాస్ నిండిపోయింది, వెయిట్‌లిస్ట్‌లో నా నంబరు 14. ఆ రాత్రి పడ్డ టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ఏప్రిల్ ఆఖర్లో బర్కిలీ నుంచి రిజెక్షన్ వచ్చింది. ఆ ఒక్క గడి వల్లే అని నేను ప్రమాణం చెయ్యలేను, వాళ్ళు కారణం రాయరు. కానీ ఖాళీ గడితో ఆ వరుసలో నిలబడ్డవాడికి ఛాన్స్ లెక్కపెట్టడం కూడా దండగే.

అందుకే మీ డబ్ల్యూ గురించి నేను దిగులు పడను. ఒకటే కదా. బి కూడా ఒక్కటే. మీ ప్రొఫైల్‌లో నాకు గుచ్చుకున్నది ఇంకా చెయ్యని డిస్క్రీట్ మ్యాథ్స్, అదీ అలాంటి ఖాళీ గడే కావచ్చు.

ఇక యూసీ అప్లికేషన్‌లో వ్యాసాల సంగతి. నాలుగు రాయాలి, ఒక్కోటి 350 పదాలు మించకూడదు. అందులో మేజర్‌కి ఎలా తయారయ్యారన్నది ట్రాన్స్‌ఫర్ వాళ్ళందరూ రాయాల్సిందే. నేను మొదట అమ్మానాన్నల త్యాగాల మీద రాశాను. మా ఇంగ్లీష్ మేడం చదివి, "ఇందులో మీ నాన్న కనిపిస్తున్నాడు, నువ్వెక్కడ?" అంది. చింపేసి, మ్యాథ్ ల్యాబ్‌లో ట్యూటర్ కోసం క్యూలో నిలబడలేక పైథాన్‌లో రాసుకున్న చిన్న టోకెన్ ప్రోగ్రామ్ గురించి రాశాను. యూసీ వాళ్ళు శాట్ చూడరు కాబట్టి అక్కడ మీ గొంతు వినిపించే చోటు ఇదొక్కటే అనుకోండి. హైస్కూల్ మార్కులు ఈ జీపీఏలో కలవవు. ఇంటర్‌లో చెడిన నాలాంటివాళ్ళకి ఇదొక వరం.

జనవరిలో అకడమిక్ అప్‌డేట్ మాత్రం మర్చిపోకండి. ఫాల్ గ్రేడ్లు, స్ప్రింగ్‌లో మార్చుకున్న క్లాసులు అక్కడే నింపాలి. నవంబరులో సబ్మిట్ కొట్టాక పని అయిపోయిందని పడుకున్నవాళ్ళని చూశాను.

టాగ్, అంటే ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ, పెట్టారా? డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరింట్లో ఒకదానికి సెప్టెంబర్‌లో ముందుగానే హామీ అప్లికేషన్ పెట్టుకోవచ్చు. బర్కిలీ, యూసీఎల్ఏ, శాన్ డియేగో అందులో లేవు. ఈ ఆరింట్లోనూ అన్ని మేజర్లకీ ఇవ్వరు, జీపీఏ గీత కూడా మేజర్‌ని బట్టి మారుతుంది, ఆ ఏడాది పట్టిక చూసే పెట్టాలి. నాది డేవిస్. "గ్యారంటీగా వచ్చేదానికి విలువేముంది" అని మా చుట్టాల్లో ఒకాయన అన్నాడు. ఏప్రిల్‌లో ఆ గ్యారంటీయే నన్ను నిద్రపోనిచ్చింది. డేవిస్‌లో సైకిలెక్కి, ఆవుల వాసన పీల్చుకుంటూ క్లాసుకి వెళ్ళిన రెండేళ్ళ గురించి నాకు ఏ బాధా లేదు. టాగ్ పెట్టకపోయినా ఈ క్యాంపస్‌లకి మామూలుగా అప్లై చెయ్యండి, శాన్ హోసే స్టేట్‌కీ వెయ్యండి.

ఇంకొకటి, మీ పోస్టు కింద కామెంట్లలో ఎవరో వేరే మేజర్‌తో లోపలికెళ్ళి తర్వాత సీఎస్‌కి మారమన్నారు. బర్కిలీలో ఆ దారి దాదాపు మూసుకుపోయిందనుకోండి. కాగ్నిటివ్ సైన్సో, అప్లైడ్ మ్యాథో నిజంగా ఇష్టమైతేనే పెట్టండి, దొడ్డిదారి అనుకుని మాత్రం వద్దు.

ఇక మీ డిస్క్రీట్ మ్యాథ్స్. మా కాలేజీలో అది ఏడాదికి రెండే సెక్షన్లు, రిజిస్ట్రేషన్ తెరిచిన రోజు మధ్యాహ్నానికి నిండిపోయేవి. మీ దగ్గర అది వింటర్‌లో ఉందో స్ప్రింగ్‌లో ఉందో, మీ రిజిస్ట్రేషన్ తేదీ ఎప్పుడో ఈ రాత్రే చూసి ఇక్కడ రాయండి. సీటు కష్టమైతే పక్క కాలేజీలో ఏ కోర్సు సరిపోతుందో అసిస్ట్‌లో ఇద్దరం కలిసి వెతుకుదాం.