ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది.. మరి ఎంఆర్ఐ ఎందుకు?

ప్రశ్న: మా నాన్నకు 58 ఏళ్లు. వారం కిందట పొగాకు బ్యారన్‌లో కర్రలు దించుతూ జారి బోర్లా పడ్డారు. నుదుటికి దెబ్బ తగిలింది. మెడ ఎక్స్‌రే చూసి ఎముక విరగలేదన్నారు. నడుస్తున్నారు గానీ రెండు చేతుల్లోనూ మంటలు, తిమ్మిర్లు. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నారు. ఒంగోలులో డాక్టరు గారు ఎంఆర్ఐ తీయించమన్నారు. ఎముక బాగున్నప్పుడు అది అవసరమా? కాలిలో పాత రాడ్ కూడా ఉంది. మా సొంతూరు కనిగిరి దగ్గర పల్లె.
- ఓ పాఠకుడు, దర్శి, ప్రకాశం జిల్లా

జవాబు: అవసరమే. ఇప్పటికే వారం గడిచింది కాబట్టి ఈ రోజే తీయించండి.

ఎక్స్‌రేలో కనిపించేది ఎముకే. దాని లోపల ఉన్న వెన్నుపాము, పూసల మధ్య డిస్కులు, పూసలను పట్టి ఉంచే లిగమెంట్లు అందులో కనిపించవు. సీటీ స్కాన్ సన్నటి చీలికలను కూడా పట్టిస్తుంది గానీ, వెన్నుపాము కమిలిందా, వాచిందా, డిస్కు జారి నొక్కుతోందా అన్నది స్పష్టంగా చెప్పేది ఎంఆర్ఐ మాత్రమే.

నుదురు నేలకు తగిలినప్పుడు మెడ ఒక్కసారిగా వెనక్కి వంగుతుంది. వెన్నుపాము ఉండే దారి అప్పటికే ఇరుకుగా ఉంటే, ఎముక విరగకుండానే అది నలిగిపోవచ్చు. ఇలాంటి దెబ్బలో కాళ్లకన్నా చేతులు ఎక్కువగా దెబ్బతింటాయి. మీ నాన్నగారు నడవగలుగుతున్నా గుండీ పెట్టుకోలేకపోతున్నారంటే నా అనుమానం దీని మీదే.

మీ సొంతూరు కనిగిరి వైపు అన్నారు. నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఆ మాటే. అక్కడ చాలా ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు మించి ఉన్న బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగితే లిగమెంట్లు ఎముకలా గట్టిపడి, వెన్నుపాము దారి ఇరుకైపోతుంది. మెడ బిరుసెక్కి, ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూసే పెద్దవాళ్లు ఆ పల్లెల్లో ఉంటారు. అలాంటి మెడకు చిన్న దెబ్బ కూడా ప్రమాదమే, పైగా అందులో చీలిక ఎక్స్‌రేకు అందకపోవచ్చు. మీ నాన్నగారికి ముందు నుంచే మెడ పట్టేసి ఉండేదా? ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. సీటీ కూడా రాస్తే కాదనకండి.

రాడ్ గురించి భయం వద్దు. ఎముకల్లో వేసే టైటానియం, స్టీలు రాడ్లు ఉన్నా చాలామందికి ఎంఆర్ఐ తీస్తారు. ఆపరేషన్ కాగితాలుంటే తీసుకెళ్లి ముందే చూపించండి. రాడ్ కాలిలో ఉంది కాబట్టి మెడ ఫిల్ము కూడా చెడదు. పేస్‌మేకర్, చెవిలో ఇంప్లాంట్, మెదడులో పాత క్లిప్పు, కంట్లో పడ్డ ఇనుప రజను.. వీటిలో ఏది ఉన్నా లోపలికి వెళ్లకముందే చెప్పాలి. మొలతాడు, తాయెత్తు తీసేయాలి. ఇందులో రేడియేషన్ ఉండదు. అయస్కాంతం, రేడియో తరంగాలతో పనిచేస్తుంది. సుమారు అరగంట కదలకుండా పడుకోవాలి. చప్పుడు గట్టిగా వస్తుందని ముందే చెబితే ఆయన టెన్షన్ పడరు.

ఆపరేషన్ కావాలా, కాలరు, ఫిజియోథెరపీ సరిపోతాయా అన్నది స్కాన్ చూశాక న్యూరోసర్జన్ చెబుతారు. అప్పటిదాకా మెడకు మర్దన చేయించొద్దు, విరిపించొద్దు. ఒంగోలుకు బైకు మీద తీసుకెళ్లొద్దు. కాలరు పెట్టి కారులో వెళ్లండి. కాళ్లు తడబడినా, మూత్రం ఆగిపోయినా, ఊపిరి ఆడకపోయినా మెడ కదలకుండా పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.