గెట్‌తో గట్టెక్కేదెలా?

ప్రశ్న: సార్, మా అబ్బాయి ఎనిమిదో తరగతి. 'గెట్' అంటే 'పొందు' అని నోట్సులో రాసుకొచ్చాడు. పక్క పేజీలోనే గెట్ అప్ అంటే లేవడం, గెట్ వెట్ అంటే తడవడం, గెట్ మ్యారీడ్ అంటే పెళ్ళి చేసుకోవడం అని ఉంది. "వీటిలో పొందడం ఎక్కడుందమ్మా?" అని అడిగితే నాకు నోట మాట రాలేదు. ఒక్క మాటకి ఇన్ని అర్థాలుంటే పిల్లలకి ఎలా చెప్పాలి?
— ఒక గృహిణి, తెనాలి

జవాబు: మీవాడు సరిగ్గానే పట్టుకున్నాడమ్మా, తప్పంతా ఆ 'పొందు'దే. ఒకటో తారీఖున మీ ఇంట్లో ఎవరైనా 'నేను జీతం పొందాను' అంటారా? 'జీతం వచ్చింది' అంటారు. కిటుకంతా అక్కడే ఉంది. తెలుగులో గెట్‌కి అసలైన చుట్టం 'వచ్చు'. నాకు ఉత్తరం వచ్చింది, ఉద్యోగం వచ్చింది, జ్వరం వచ్చింది, కోపం వచ్చింది, మంచి మార్కులు వచ్చాయి... అన్నిటినీ 'ఐ గాట్' అని మొదలుపెట్టి చెప్పి చూడండి, ఒక్కటీ అడ్డం తిరగదు. తేడా ఏమిటంటే మనం కదలకుండా కూర్చుంటాం, జ్వరమూ ఉద్యోగమూ వాటంతట అవే 'మనకు' వస్తాయి. ఇంగ్లీషువాడు మాత్రం 'ఐ' అంటూ తనే ముందుకొచ్చి నిలబడతాడు.

రెండో చుట్టం 'అవు'. ఆలస్యం అయింది, పెళ్ళి అయింది, అలవాటు అయింది, అర్థం అయింది: ఇట్ గాట్ లేట్, షి గాట్ మ్యారీడ్, ఐ గాట్ యూస్డ్ టు ఇట్, ఐ గాట్ ఇట్. ఉన్న స్థితి మారి ఇంకో స్థితిలో పడటం అన్నమాట. గెట్ వెట్ కూడా అంతే, పొడిగా ఉన్నవాడు తడిసిపోయాడు.

మూడోదాని దగ్గర మనవాళ్ళు బాగా దొరికిపోతారు. సెలూన్ నుంచి వచ్చి 'ఐ కట్ మై హెయిర్' అంటే, అద్దం ముందు కత్తెర పట్టుకుని మీకు మీరే కత్తిరించుకున్నట్టు. మనకైతే క్రియకి 'ఇంచు' తగిలిస్తే చాలు: కుట్టించాను, చేయించాను, పీకించుకున్నాను. పని చేసింది ఇంకొకరని తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఈ 'ఇంచు' లేదు, దాని పని కూడా పాపం గెట్టే చేస్తుంది. బ్లౌజు కుట్టించాను అంటే 'ఐ గాట్ మై బ్లౌజ్ స్టిచ్డ్', బండి బాగు చేయించాను అంటే 'ఐ గాట్ మై బైక్ రిపేర్డ్'. వస్తువు పేరు మధ్యలో రావాలి, అది మరిచిపోతే మళ్ళీ సూది మన చేతికే వస్తుంది.

ఇన్ని అర్థాలా అని మీరు టెన్షన్ పడకండి. మన 'పెట్టు' చూడండి: అన్నం పెడతాం, పేరు పెడతాం, వంకలు పెడతాం, కేసు పెడతాం, ఫోన్ పెట్టేస్తాం, కోడి గుడ్డు పెడుతుంది. దీన్ని ఎవరైనా మనకి బట్టీ పట్టించారా? ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు సవరణలో పీటర్ గిలివర్ అనే సంపాదకుడు 'రన్' అనే ఒక్క క్రియ మీద తొమ్మిది నెలలు కూర్చుంటే 645 అర్థాలు తేలాయి. మాట ఎంత చిన్నదో చాకిరీ అంత పెద్దది.

ప్రశ్న: వ్యాసంలో గెట్ కనిపిస్తే మా లెక్చరర్ కొట్టేస్తారు. రిసీవ్, అబ్టెయిన్, అక్వైర్, ప్రొక్యూర్ అన్నీ ఒకటేనా? ఏది పడితే అది వాడొచ్చా?
— డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: వాడొచ్చనుకుని నేను చిన్నప్పుడు వాడాను. గెట్ మోటు మాట, రాయొద్దని మా మాస్టారు ఒకాయన చెప్పారని, సెలవు చీటీలో 'ఐ అబ్టెయిన్డ్ ఫీవర్' అని రాసిచ్చాను. హెడ్మాస్టరు చదివి, "ఎక్కడ అప్లికేషన్ పెట్టావురా జ్వరానికి?" అన్నారు. అబ్టెయిన్ అర్థం ఆ రోజే తెలిసింది. ప్రయత్నం చేసి, అడిగి తెచ్చుకునేవాటికి ఆ మాట: అనుమతి, కుల ధ్రువీకరణ పత్రం లాంటివి. రిసీవ్‌కి ప్రయత్నం అక్కర్లేదు, ఎవరో పంపితే మన చేతికి అందుతుంది, కొరియర్ లాగా. మిగతా రెండిటి దగ్గర తెలుగే మనల్ని కాస్త తికమక పెడుతుంది, ఎందుకంటే మనం భూసేకరణ అంటాం, ధాన్యం సేకరణ అనీ అంటాం. ఇంగ్లీషులో భూమికి అక్వైర్, ధాన్యానికి ప్రొక్యూర్. 1894 నాటి చట్టం పేరులోనూ, దాని స్థానంలో వచ్చిన 2013 చట్టం పేరులోనూ ఉన్నది అక్విజిషనే. సొంతమై మన దగ్గర ఉండిపోయేది అక్వైర్, అది భూమైనా కంపెనీ అయినా నేర్చుకున్న భాషైనా. అవసరమైన సరుకుని ఏర్పాటు చేసుకుని సమకూర్చుకోవడం ప్రొక్యూర్.

ఇంకో మాట. ఈ నాలుగూ గెట్ పక్కన వస్తువో పత్రమో ఉన్నప్పుడే పనికొస్తాయి. 'గెట్ వెట్', 'గెట్ లేట్' దగ్గర పెడితే నా జ్వరం గతే. మీ లెక్చరర్ కొట్టేసినా సరే, అక్కడ బికమ్ పెట్టండి, లేదా వాక్యం మార్చేయండి.

ప్రశ్న: పిల్లల దగ్గర ఉండి వెళ్దామని డాలస్ వచ్చాను. మనవడు 'గాటెన్' అంటే 'గాట్ అనాలి నాన్నా' అని దిద్దాను. మర్నాడు నేను బస్సు 'గెట్ డౌన్' అవుదాం అంటే వాడు పడీ పడీ నవ్వాడు. తప్పెవరిది?
— రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: రెండుసార్లూ మనవడిదే గెలుపు, ఏమీ అనుకోకండి. గాటెన్ పాత రూపం. ఒకప్పుడు ఇంగ్లండులోనూ ఉండేది, అక్కడ వాడుక తగ్గిపోయింది, అమెరికాలో నిలిచింది. మీరూ 'ఫర్‌గాటెన్' అంటారు కదా, దానికి తప్పు పట్టరేం? పైగా అమెరికావాళ్ళకి దానితో ఒక సౌకర్యం ఉంది: 'ఐ హావ్ గాట్' అంటే నా దగ్గర ఉంది, 'ఐ హావ్ గాటెన్' అంటే నాకు వచ్చింది. అన్నట్టు ఈ గెట్ అసలు ఇంగ్లీషు మాటే కాదు, ఒకప్పుడు స్కాండినేవియా నుంచి ఓడల్లో దండెత్తి వచ్చిన వైకింగుల నార్స్ భాష నుంచి వచ్చి స్థిరపడింది. కాబట్టి ఎవరి గెట్ అసలుదని తాతా మనవళ్ళు గొడవపడటం దండగ.

ఇక బస్సు. 'దిగు'లో కిందికి అనేది ఉంది కాబట్టి మనకి డౌన్ అని వచ్చేస్తుంది, మన దేశంలో అందరికీ అర్థమవుతుంది కూడా. అక్కడ మాత్రం సోఫా ఎక్కిన కుక్కని 'గెట్ డౌన్' అంటారు. లోపల లేచి నడవగలిగే బస్సు, రైలు, విమానం, పైకెక్కి కూర్చునే బైకు, వీటికి గెట్ ఆన్, గెట్ ఆఫ్. వంగి దూరాల్సిన కారుకి గెట్ ఇన్, గెట్ అవుట్. ఆటోకీ కారు లెక్కే, మనవడు హైదరాబాద్ వచ్చినప్పుడు పనికొస్తుంది.