దాయాదుల పోరా, అంతర్యుద్ధమా?

సందేహం: ఐర్లండ్‌లోని ఒక కుటుంబం మీద చారిత్రక నవల రాస్తున్నాను. బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటుతో మొదలై మనవల కాలం దాకా నడుస్తుంది. 1922లో అన్నదమ్ములు చెరో పక్షం చేరతారు. ఆ అధ్యాయానికి ‘దాయాదుల పోరు’ అని పేరు పెడితే, అది క్రికెట్ మాట అంటున్నారు మిత్రులు. ‘గృహయుద్ధం’ అనవచ్చా?

సమాధానం: మీ మిత్రుల్ని తప్పుపట్టలేం. భారత్–పాకిస్తాన్ మ్యాచ్ వచ్చిన ప్రతిసారీ ఆ శీర్షికే వేసి పత్రికలు మాటను అరగదీశాయి. ‘గృహయుద్ధం’ హిందీవారిది. మనకు ‘అంతర్యుద్ధం’ స్థిరపడింది. ఒక పార్టీలో ఇద్దరు నాయకులు మాటామాటా అనుకున్నా అంతర్యుద్ధమే అని రాసేస్తున్నారు, అది వేరే బాధ. ‘ఇంటిపోరు’ వద్దు, అత్తాకోడళ్లు గుర్తొస్తారు.

ఇక దాయాది. దాయం అంటే పెద్దల నుంచి సంక్రమించే పాలు. దాన్ని పుచ్చుకొనేవాడు దాయాదుడు. పల్లెల్లో ‘పాలివాళ్లు’ అనేదీ ఈ సంబంధాన్నే. పాలు పంచుకున్నవాడే పగవాడు కావడం మనవాళ్లు ఎంతగా చూశారో గాని, కావ్యభాషలో ‘దాయ’ అంటే జ్ఞాతి, శత్రువు కూడా. ఆ రెండర్థాల మధ్య నలిగే మనసును తిక్కనలా పట్టుకున్నవాడు లేడు. ఉద్యోగపర్వంలో ధర్మరాజు కృష్ణుడితో అంటాడు:

పగయ కలిగెనేనిఁ బామున్న యింటిలో
నున్న యట్ల కాక యూఱడిల్లి
యుండు నెట్లు చిత్తము

పాము పుట్టలో లేదు, పొలంలో లేదు, ఇంట్లో ఉంది. పడుకున్నా లేచినా దానితోనే. మీ నవలకు ఇంతకంటే సరిపోయే పద్యం నాకు తోచదు. బ్రిటన్‌తో కుదిరిన 1921 డిసెంబరు 6 నాటి ఒప్పందాన్ని ఐరిష్ సభ 64–57 ఓట్లతో ఆమోదించాక, బ్రిటిష్ రాజు పేరు చెప్పి ప్రమాణం చేయడమా అన్న పేచీ మీదే ఇళ్లు చీలాయి. కార్క్ ప్రాంతపు హేల్స్ సోదరులు బ్రిటిష్‌వాళ్ల మీద కలిసి పోరాడినవాళ్లే. టామ్ ఒప్పందాన్ని కాదన్నాడు. 1922 ఆగస్టు 22న ఒప్పందం పక్షపు సేనాధిపతి మైకేల్ కాలిన్స్ ప్రాణం తీసిన మాటుకు అతడే నాయకుడు. షాన్ ఒప్పందం పక్షాన సభ్యుడు; డిసెంబరు 7న అతణ్ణి డబ్లిన్‌లో ఒప్పంద వ్యతిరేకులు కాల్చిచంపారు. దానికి బదులుగా మర్నాడు ప్రభుత్వం ఆ వ్యతిరేక పక్షపు నలుగురు ఖైదీలను కాల్పించింది. వారిలో రోరీ ఓకానర్ ఒకడు. ఆ శిక్షకు సమ్మతించిన మంత్రి కెవిన్ ఓహిగిన్స్ పెళ్లిలో, ఏడాది కిందటే, తోడుపెళ్లికొడుకు అతడే.

అయినా వీళ్లను దాయాదులు అనడానికి నాకు మనసొప్పదు. ధర్మశాస్త్రం ప్రకారం అన్నదమ్ములూ దాయాదులే, కాబట్టి తప్పని కొట్టిపారేయలేను. కాని వాడుకలో, వేరుపడ్డ అన్నదమ్ముల సంతానాన్నే అలా అంటాం. 1922 అధ్యాయానికి ‘అంతర్యుద్ధం’ ఉంచి, ‘దాయాది’ని మనవల తరానికి దాచుకోండి. ఆ చీలికలో పుట్టిన ఫియన ఫాల్, ఫినె గేల్ పార్టీలు రెండూ, స్వాతంత్ర్యం కోసం పోరాడిన షిన్ ఫేన్ అనే ఒక్క పార్టీ సంతానమే. 2020 వరకు ఒకే ప్రభుత్వంలో కలిసి కూర్చోలేదు. అక్కడ ఆ మాట చక్కగా ఒదుగుతుంది.

ఏది ఎంచుకున్నా, ఈ మధ్య చాలామంది రాస్తున్నట్టు ‘అంతర్ యుద్ధం’ అని విడగొట్టి మాత్రం అచ్చువేయించకండి.