ఇటలీ రెండు యుద్ధాల్లోనూ గోడ దూకిందా? ట్రియెస్టేలో ఒక ఇంటి కథ

“రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఇటలీ మధ్యలో గోడ దూకింది కదా, ఆ దేశం వాళ్ళను నమ్మలేమని యూరప్‌లో అనుకునేది ఇందుకేనా?” అని మీరు అడిగారు.

ఇంచుమించు ఇదే ప్రశ్న నేనూ అడిగాను, అదీ ఒక ఇటాలియన్ ఇంట్లో భోజనం చేస్తూ. 2011లో భౌతికశాస్త్ర పరిశోధన కోసం ట్రియెస్టే వెళ్ళాను. ఇటలీకి ఈశాన్య కొసన, స్లొవేనియా సరిహద్దును ఆనుకుని ఉన్న రేవు పట్టణం అది. 1964లో అబ్దుస్ సలామ్ అక్కడ భౌతికశాస్త్ర కేంద్రం పెట్టినప్పటి నుంచి మన దేశం వాళ్ళు ఎందరో వెళ్తూనే ఉన్నారు. డెబ్బై ఎనిమిదేళ్ళ పెద్దావిడ ఇంట్లో నాకు ఒక గది దొరికింది. అందరిలాగే నేనూ ఆవిడను సిన్యోరా, అంటే అమ్మగారు, అనేవాణ్ణి.

నా ప్రశ్నకు ఆవిడ కోప్పడలేదు. లోపలికి వెళ్ళి ఒక పాత ఫొటో తెచ్చి బల్ల మీద పెట్టారు. సైనికుడి దుస్తుల్లో ఒక యువకుడు. “మా తాత. ఇది ఏ దేశం యూనిఫాం?” అన్నారు. ఇటలీది అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. అది ఆస్ట్రియాది.

ట్రియెస్టే 1382 నుంచి మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేదాకా, మధ్యలో కొన్నేళ్ళు తప్ప, ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశం పాలనలోనే ఉంది. అప్పట్లో ఊళ్ళో ఎక్కువమంది మాట్లాడేది ఇటాలియన్, చుట్టుపక్కల పల్లెల్లో స్లొవీన్, ఆఫీసుల్లో జర్మన్. ఇప్పటికీ ఆ వంటిళ్ళలో మూడూ కలిసే ఉంటాయి. సిన్యోరా చలికాలంలో చిక్కుడు గింజలు, పులిసిన క్యాబేజీ వేసి జోటా అనే సూప్ కాచేవారు. ఆదివారం గూలాష్ అనే మాంసం కూర, పండక్కి స్ట్రూడెల్ అనే తీపి వంటకం. రోమ్ నుంచి వచ్చిన నా స్నేహితుడికి ఆ ఊరి హోటల్లో కాఫీ అడగడం కూడా కొత్తే, అక్కడ కాఫీలకు వేరే పేర్లున్నాయి.

1914లో యుద్ధం రాగానే ఆ ఊరి మగవాళ్ళను ఆస్ట్రియా 97వ రెజిమెంట్‌లోకి తీసుకుని, రష్యా సైన్యం మీద పోరాడడానికి ఎక్కడో గలీషియాకు, అంటే ఇప్పటి పోలండ్, ఉక్రెయిన్‌ల వైపుకు, పంపింది. సిన్యోరా తాత వాళ్ళలో ఒకడు. మాతృభాష ఇటాలియన్, సేవ ఆస్ట్రియా చక్రవర్తికి. 1915 మే 23న ఇటలీ ఆస్ట్రియా మీద యుద్ధం ప్రకటించింది. ట్రియెస్టే వాళ్ళకు విముక్తి తెస్తామని చెప్పిన ఆ ఇటలీకే ఆయన ఆ రోజు నుంచి శత్రు సైనికుడు అయిపోయాడు. గలీషియా నుంచి ఆయన తిరిగి రాలేదు. సమాధి కూడా లేదు.

ఇక మీ ప్రశ్న. 1882లో జర్మనీ, ఆస్ట్రియాలతో ఇటలీ చేసుకున్నది ఆత్మరక్షణ ఒప్పందం. 1914లో సెర్బియా మీదికి వెళ్ళింది ఆస్ట్రియానే, పైగా ఇటలీని అడగకుండా. కాబట్టి తటస్థంగా ఉంటామనడంలో ద్రోహం ఏమీ లేదు. ఆ తర్వాత జరిగింది మాత్రం బేరమే, దాన్ని నేను వెనకేసుకు రాను. ప్రధాని సలాంద్రా తమ విధానాన్ని “పవిత్ర స్వార్థం” అని తానే అన్నాడు. రెండు వైపులా మాట్లాడి, 1915 ఏప్రిల్ 26న లండన్‌లో రహస్యంగా సంతకం పెట్టించాడు. తమ వైపు చేరితే ఆస్ట్రియా చేతిలో ఉన్న ట్రెంటో, ట్రియెస్టే, ఇస్ట్రియా, డాల్మేషియాలో కొంత ఇస్తామని బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా ఒప్పుకున్నాయి. అప్పటికి పార్లమెంటులో ఎక్కువమంది యుద్ధం వద్దన్నవాళ్ళే. ప్రజలకైతే ఆ ఒప్పందం ఉందనే తెలియదు. 1917లో రష్యాలో అధికారం పట్టిన బోల్షెవిక్‌లు (కమ్యూనిస్టులు) బయటపెడితేనే లోకానికి తెలిసింది.

ఆ సంతకానికి మూల్యం ఎవరు చెల్లించారో చూడాలంటే ట్రియెస్టే వెనకున్న కార్సో పీఠభూమికి వెళ్ళాలి. నేను చాలా ఆదివారాలు అక్కడ నడిచాను. అంతా సున్నపురాయి, నీటి చుక్క ఉండదు, కందకం తవ్వాలంటే రాతినే పగలగొట్టాలి. గుండు పడితే రాయి కూడా ముక్కలై ఎగిరి కళ్ళలో, తలలో గుచ్చుకునేది. ఇసోంజో నది వెంబడి పన్నెండు యుద్ధాలు జరిగాయి. చివరిది 1917 అక్టోబర్ 24న మొదలైన కాపోరెత్తో. ఇటలీ సైన్యం కుప్పకూలి, సుమారు మూడు లక్షల మంది బందీలయ్యారు. ఏదైనా ఘోరంగా విఫలమైతే ఇటలీలో ఇవాళ్టికీ “కాపోరెత్తో అయింది” అంటారు. సేనాధిపతి కదోర్నా తప్పు సైనికుల మీదికి నెట్టాడు, పిరికివాళ్ళన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం మొత్తంలో సొంత సైనికులనే సుమారు 750 మందిని కోర్టు మార్షల్ తీర్పులతో కాల్చి చంపారు. శత్రువుకు చిక్కిన తమవాళ్ళకు తిండి పొట్లాలు పంపడానికి కూడా ప్రభుత్వం సుముఖంగా లేదు. ఆ చెరల్లో లక్ష మంది దాకా ఆకలితో, జబ్బులతో పోయారు. నమ్మకం గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను, అక్కడ ముందుగా మాట తప్పింది సైనికుడు కాదు.

రెండో యుద్ధంలో గోడ దూకారనేది 1943లో. ఆ కథ సిన్యోరా తండ్రిది. ఆయన పుట్టింది ఆస్ట్రియా పౌరుడిగా, మొదటి యుద్ధం తర్వాత ఊరు ఇటలీకి దక్కడంతో ముసోలినీ సైన్యంలో పనిచేసింది ఇటలీ పౌరుడిగా. అప్పటిదాకా ఇటలీ జర్మనీ పక్షాన ఉంది. సెప్టెంబర్ 8 సాయంత్రం, మిత్రరాజ్యాలతో సంధి కుదిరిందని, ముసోలినీ పడిపోయాక ప్రధాని అయిన బదోలియో రేడియోలో చెప్పాడు. మర్నాడు తెల్లవారేలోపు రాజు, బదోలియో ఇద్దరూ రోమ్ వదిలి పారిపోయారు. ఏం చేయాలో సైన్యానికి చెప్పినవాడు లేడు. సిన్యోరా తండ్రి అప్పుడు గ్రీస్‌లో ఉన్నాడు. ఇంటికి పంపుతున్నామని జర్మన్లు రైలెక్కించారు, రైలు జర్మనీలో ఆగింది. అలా పట్టుబడినవాళ్ళు ఆరు లక్షలకు పైనే. యుద్ధఖైదీలుగా గుర్తించకపోవడంతో వాళ్ళకు రెడ్ క్రాస్ సాయం కూడా అందలేదు. జర్మనీ తరఫునో, జర్మన్ల అండతో ముసోలినీ పెట్టిన కొత్త రిపబ్లిక్ తరఫునో పోరాడతామని సంతకం పెడితే బయటపడొచ్చు. ఎక్కువమంది పెట్టలేదు. సిన్యోరా తండ్రీ పెట్టలేదు. “ఆకలికి బూట్ల తోలు నమిలాడు మా నాన్న. ఆయన గోడ దూకాడంటావా?” అని ఆవిడ అడిగితే నా దగ్గర మాట లేదు.

ఇటలీ చేసిన అన్యాయాలను కూడా ఆవిడ దాచలేదు. ఆవిడ తల్లి స్లొవీన్. 1920 జూలైలో ట్రియెస్టేలో స్లొవీన్ల సాంస్కృతిక కేంద్రం నారోద్ని దోమ్ భవనాన్ని ముసోలినీ అనుచరులైన ఫాసిస్టులు తగలబెట్టారు. తర్వాత బడుల్లో ఆ భాష ఆపేశారు, ఇంటిపేర్లు మార్చేశారు. వోదొపివెత్స్ అనే పేరు బెవిలాక్వా అయ్యేది, రెండింటికీ నీళ్ళు తాగేవాడనే అర్థం. 1945 మేలో యుగోస్లావ్ దళాలు వచ్చినప్పుడు మనుషులను కార్సో గోతుల్లో పడేశారు. ఆ తర్వాత ఊరు 1954 దాకా బ్రిటిష్, అమెరికన్ సైన్యాల చేతిలో ఉంది. పన్నెండో ఏట నుంచి ఇరవై ఒకటో ఏటి దాకా తాను ఏ దేశపు అమ్మాయినో తనకే తెలియదనేవారు సిన్యోరా.

మనవాళ్ళు కూడా ఇటలీలో పోరాడారని ఆవిడకు నేను చెప్పాను. 4, 8, 10 నంబరు భారత డివిజన్లు అక్కడ ఉన్నాయి. మన తెలుగు, తమిళ జిల్లాల వాళ్ళు చేరే మద్రాస్ సాపర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళంలోని సుబేదార్ సుబ్రమణియన్ 1944 ఫిబ్రవరి 24న మిన్యానో దగ్గర, తోటివాళ్ళను కాపాడడానికి పేలబోయే మందుపాతర మీద పడుకున్నాడు. ఆయనకు మరణానంతరం బ్రిటన్ సాహస పతకం జార్జ్ క్రాస్ ఇచ్చారు. “మీ దేశం అప్పుడు ఎవరిది?” అన్నారు సిన్యోరా. బ్రిటిష్ వాళ్ళదన్నాను. ఆవిడ ఫొటో వైపు చూసి ఊరుకున్నారు.

ఆ నవంబర్ 2న, చనిపోయినవాళ్ళను తలుచుకునే రోజు, ఆవిడతో కలిసి రెదిపూల్యా వెళ్ళాను. 1938లో ముసోలినీ ప్రారంభించిన స్మారకం అది. కొండవాలు మీద 22 బ్రహ్మాండమైన మెట్లు, లక్ష మంది ఇటలీ సైనికులు, అందులో 60 వేల మందికి పేరు కూడా లేదు. ప్రతి మెట్టు మీదా వరసగా “ప్రెజెంతే” అని చెక్కి ఉంటుంది. బడిలో హాజరు పిలిస్తే మనం “ప్రెజెంట్” అంటామే, ఆ మాటే. సిన్యోరా అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు. కొద్ది దూరంలో ఫొల్యానోలో ఆస్ట్రియా సైనికుల చిన్న శ్మశానం ఉంది. 14 వేల మందికి పైగా ఉన్నారు, ఎక్కువమంది పేరు తెలియనివాళ్ళే. తాత అక్కడ లేడని ఆవిడకు తెలుసు. అయినా గేటు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, సంచిలోంచి ఎర్రగాజు దీపం తీసి వెలిగించారు. గాలికి రెండుసార్లు ఆరిపోయింది. మూడోసారి నేను చెయ్యి అడ్డం పెట్టాను.