లిమిటెడ్ ఎడిషన్ రైఫిళ్ల కోసం 401(కె) మీద అప్పా? వద్దండి

ప్రశ్న: మాది డాలస్ పక్కన ఫ్రిస్కో. నా వయసు 41, గ్రీన్ కార్డు ఉంది. నేనూ నా భార్యా ఒకే కంపెనీలో పనిచేస్తున్నాం. ఇద్దరు పిల్లలు, ఇంటి లోను నడుస్తోంది, నెల ఖర్చు 7,800 డాలర్ల దాకా అవుతుంది. తెలిసిన ఒక రిటైరైన పెద్దాయన తన 14 వించెస్టర్ (అమెరికన్ తుపాకుల కంపెనీ) కమెమొరేటివ్ రైఫిళ్లూ, అంటే ఏదో ఒక సందర్భానికో పేరున్న మనిషికో గుర్తుగా చేసినవి, కలిపి 21,000 డాలర్లకు ఇస్తానంటున్నారు. వెల్స్ ఫార్గో కంపెనీ, సినిమా నటుడు జాన్ వేన్, వైల్డ్ వెస్ట్ ప్రదర్శనల బఫెలో బిల్ పేర్ల మీద వచ్చిన ఎడిషన్లు అందులో ఉన్నాయి. అన్నీ బాక్సుల్లోనే ఉన్నాయి, ఒక్కటీ పేల్చలేదట. సేవింగ్స్‌లో ఉన్న 9,500లో 6,000 తీసి, మిగతా 15,000కి 401(కె) లోను, అంటే జీతంలోంచి రిటైర్మెంటుకు దాచుకునే నా సొంత ఖాతా నుంచి అప్పు, పెడదామనుకుంటున్నాను. లిమిటెడ్ ఎడిషన్లు కాబట్టి బంగారంలా పెరగడమే తప్ప తగ్గడం ఉండదు కదా? బావమరిది ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద చదువుకుంటూ మా ఇంట్లోనే ఉంటున్నాడు, అతనికీ వీటి మీద బాగా సరదా.

జవాబు: మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం రైఫిళ్లు కాదు. వాచీల గురించి, పాత నాణేల గురించి, స్నీకర్ల గురించి కూడా ఇదే ఉత్తరం నాకు వస్తూ ఉంటుంది. వస్తువు మారుతుంది, చేసే తప్పు మాత్రం అదే. అవసరానికి అమ్మితే చేతికి ఎంత వస్తుందో తెలియని వస్తువుని, ఇంట్లో మిగిలిన చివరి డబ్బుతో, దాని మీద అప్పు కూడా చేసి కొనడం.

ముందు మీ ఇంటి లెక్క చూద్దాం. నెలకు 7,800 ఖర్చు, చేతిలో 9,500. అంటే ఇప్పుడే మీ దగ్గర ఉన్నది అయిదు వారాల డబ్బు. అందులోంచి 6,000 తీస్తే మిగిలేది 3,500, అది రెండు వారాలకు కూడా రాదు. పైగా మొగుడూపెళ్లాలు ఇద్దరిదీ ఒకే కంపెనీ. లేఆఫ్ అంటూ వస్తే ఒకేసారి రెండు జీతాలూ ఆగిపోయే ఇల్లు మీది, అందుకని మామూలుగా చెప్పే ఆరు నెలల ఎమర్జెన్సీ ఫండ్ కూడా మీకు కనీసం మాత్రమే. ఆరు నెలలంటే 46,800 డాలర్లు. మీకు ఇంకా 37,000 పైనే తక్కువ పడుతోంది. ఈ ఒక్క అంకె చూసుకుని ఉంటే పెద్దాయనతో బేరం దాకా వెళ్లేవారే కాదు.

ఇక 401(కె) లోను. "వడ్డీ నాకే కదా వచ్చేది" అని ప్రతివాళ్లూ అంటారు. ఈ మాట వింటే నాకు నిజంగా ఓపిక నశిస్తుంది. ఉద్యోగం ఉన్నంతకాలం జీతంలోంచి కోత, అయిదేళ్లలో తీర్చాలి కాబట్టి అసలుకే నెలకు 250. ఉద్యోగం పోయిందనుకోండి, చాలా ప్లాన్లలో మిగిలిన బాకీ మొత్తం మీద పడుతుంది. ఆ ఏడాది ట్యాక్స్ రిటర్ను గడువులోగా ఆ డబ్బు తెచ్చి కట్టలేకపోతే దాన్ని మీరు విత్‌డ్రా చేసినట్టే లెక్క. 59 ఏళ్లన్నర నిండలేదు కాబట్టి 10 శాతం పెనాల్టీ, దాని పైన ఇన్‌కమ్ ట్యాక్స్. మీరు 22 శాతం స్లాబులో ఉంటే 15,000 మీద 4,800 అలా పోతుంది, అదీ ఇంట్లో జీతం లేని సంవత్సరంలో. అప్పుడు రైఫిళ్లు అమ్ముదామని బయల్దేరతారు, కొనేవాడికి మీ తొందర ఫోన్లోనే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆ 14 రైఫిళ్ల విలువ. సగటున ఒక్కోటి 1,500 పడుతోంది. లిమిటెడ్ అనగానే తక్కువ చేశారని అనుకుంటున్నారు. 1968లో వచ్చిన బఫెలో బిల్ లక్షకు పైగా చేశారు. 1966లో వించెస్టర్ కంపెనీ తన నూరేళ్లకు చేసిన సెంటెన్నియల్ కూడా లక్ష దాటింది. 1981 జాన్ వేన్ 50,000. వెల్స్ ఫార్గో కంపెనీ 1852లో మొదలైంది, దాని 125 ఏళ్లకు 1977లో చేసిన రైఫిలే దాదాపు 20,000 ఉన్నాయి. అసలు సంగతేమిటంటే ఇవి కొన్నవాళ్లలో చాలామంది మీలాగే ఆలోచించి, పేల్చకుండా, బాక్సు విప్పకుండా బీరువాల్లో దాచారు. అందరూ దాచిన వస్తువు అరుదు ఎలా అవుతుంది? ఇప్పుడు ఆ తరం వాళ్లు పెద్దవాళ్లై ఒక్కొక్కరే అమ్మకానికి పెడుతున్నారు.

వెల్స్ ఫార్గో రైఫిలే తీసుకోండి. వెండి రంగు రిసీవర్ (తుపాకీ మధ్య భాగం), బట్ (వెనక చెక్క భాగం) మీద స్టేజ్‌కోచ్, అంటే పాతకాలపు గుర్రపు బండి బొమ్మ ఉన్న బిళ్ల, చూడటానికి చాలా అందంగా ఉంటుంది, కాదనను. 1977లో కొత్తగా దాని ధర 350 డాలర్లు. అప్పటి డాలరు ఇప్పుడు అయిదుకు పైమాటే, కాబట్టి ధరల పెరుగుదలతో సమానంగా నిలవాలన్నా 1,750 దాటాలి. ఆన్‌లైన్ వేలాల్లో ముగిసిన అమ్మకాలు చూడండి, చాలావరకు అంతకంటే బాగా తక్కువకే పోతున్నాయి. అదే 1977 చివర అమెరికా షేర్ మార్కెట్ సూచీ ఎస్ అండ్ పీ 500 95 దగ్గర ఉంది, 2024 చివరికి 5,880 దాటింది. డివిడెండ్లు వదిలేసినా అరవై రెట్లు! మీరు లోను తీయబోయేది సరిగ్గా అలాంటి ఫండ్లలో పెరుగుతున్న డబ్బులోంచే.

అడిగే ధర వేరు, అమ్ముడైన ధర వేరు. పెద్దాయన చెప్పిన రేటు దేన్ని బట్టి చెప్పారో అడగండి. లిస్టింగులో ఆరు నెలలుగా కదలకుండా కూర్చున్న ధర ధరే కాదు. పైగా "పేల్చలేదు" అన్నది ఆయన మాట. లీవరు (తూటా ఎక్కించడానికి ఆడించే పిడి) నాలుగుసార్లు ఆడించినా కదిలే భాగాల మీద గీతలు పడతాయి, సేకరించేవాళ్లు టార్చి లైటు వేసి మొదట చూసేది అదే. లోపలి బాక్సు, బయటి అట్టపెట్టె, కాగితాలు అన్నీ ఉండాలి, పెట్టె మీద సీరియల్ నంబరుంటే తుపాకీ మీద ఉన్నదానితో కలవాలి. ఒక్క కాగితం లేకపోయినా బేరం అక్కడ మొదలవుతుంది. అలాగే ఫ్యాక్టరీ చేసిన ఎడిషన్లూ, ఎవరో బయటివాళ్లు మామూలు రైఫిల్ కొని బంగారు పూత వేసి అమ్మినవీ ఒకటి కావు. 14లో అలాంటివి ఎన్నో లెక్కపెట్టారా? వించెస్టర్ 1964లో ఖర్చు తగ్గించుకోవడానికి తయారీ పద్ధతి మార్చింది, అందుకే ఏ బిళ్లా ఏ బొమ్మా లేని 1964కి ముందు మామూలు మోడల్ 94 (వించెస్టర్ లీవరు రైఫిల్) కోసం వెతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అమ్మేటప్పుడు వేలం సంస్థ కమిషను, షాపువాడి లాభం కూడా మీ జేబులోంచే పోతాయి. వేలంలో 800 పలికి 15 శాతం కమిషను పోతే మీకొచ్చేది 680, మీరు పెట్టింది 1,500.

మీ బావమరిది గురించి. ఇది డబ్బు కంటే పెద్ద విషయం, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ఎఫ్-1, హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి గానీ, అవి అతనికి వర్తిస్తాయో లేదో లాయరు చెప్పాలి. మీ ఇంట్లో తుపాకీ ఉంటే సేఫ్ తాళం, కోడ్ అతని చేతికి అందకూడదు. సరదాకి పట్టుకుని ఫొటో దిగినా చదువూ వీసా రెండూ చిక్కుల్లో పడతాయి. ఎప్పుడైనా ఇండియా వెళ్లిపోదామనుకుంటే ఈ సేకరణ మీతో రాదు. అక్కడ 2019 సవరణ తర్వాత లైసెన్సుతో కూడా మనిషికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు. అంటే పద్నాలుగూ ఇక్కడే, అప్పటి తొందరలో, దొరికిన ధరకి అమ్ముకోవాలి.

ఇన్సూరెన్సు ఒక్క మాట: చాలా హోమ్ పాలసీల్లో తుపాకులు దొంగతనం జరిగితే ఇచ్చేది 2,500 డాలర్ల దగ్గరే ఆగుతుంది. 21,000 సొత్తుకి విడిగా షెడ్యూల్ చేయించాలి, అంటే పాలసీలో వాటిని పేరుపేరునా చేర్పించాలి, దానికి ఏటా ప్రీమియం. హోమ్ ఈక్విటీ లోను, క్రెడిట్ కార్డు జీరో పర్సెంట్ ఆఫర్ లాంటివి మీరు అడగలేదు, ఆ ఆలోచన కూడా రానివ్వకండి.

మీరు చేయాల్సింది ఇది. లోనుకి కట్టాల్సి వచ్చే ఆ 250కి ఇంకో 750 కలిపి నెలనెలా హై యీల్డ్ సేవింగ్స్‌లో (కాస్త ఎక్కువ వడ్డీ ఇచ్చే ఖాతాలో) వేయండి, ఇద్దరి బోనసులూ అందులోకే పోనివ్వండి. మూడు నెలల ఖర్చు, అంటే 23,400 చేరేదాకా రైఫిల్ మాట ఎత్తకండి. చేరాక అంతగా మనసు పడితే ఒక్కటి, మీకు నిజంగా నచ్చినది, ముగిసిన వేలాల ధర చూసుకుని, నగదుతో, లైసెన్సు ఉన్న డీలరు ద్వారా కొనుక్కోండి. అది పెట్టుబడి కాదు, సరదా ఖర్చు, ఆ ఖాతాలోనే రాసుకోండి. ఆరు నెలల ఫండ్ నిండేదాకా రెండోది వద్దు. పెద్దాయనకి ఈ వారమే ఫోన్ చేసి మొత్తం తీసుకోలేనని మర్యాదగా చెప్పేయండి, ఆయన్ని ఆశపెట్టి ఉంచడం కూడా బాగోదు. 401(కె) లోను అప్లికేషను ఇప్పటికే పెట్టేసి ఉంటే, డబ్బు ఖాతాలో పడకముందే ప్లాన్ వాళ్లకి కాల్ చేసి ఆపించండి.