నోటి మాంద్యంగల మోషే, పేరులేని ఫరో
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా సంఘంలోని యువకులం కలిసి మోషే జీవితంపై గంటన్నర చిత్రం తీయాలని స్క్రిప్టు రాసుకుంటున్నాం. ఆయన బాల్య యౌవనాల గురించి నిర్గమకాండంలో దాదాపు ఏమీ లేదు. ఆ ఖాళీని ఊహతో నింపితే వాక్యానికి కలిపినట్లవుతుందని పెద్దలు అంటున్నారు. ఎంతవరకు కల్పించవచ్చు?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ పెద్దల భయం అర్థం లేనిది కాదు. కానీ సమస్య ఎక్కడుందో ముందు చూద్దాం. నిర్గమకాండం రెండో అధ్యాయం పదో వచనంలో ఫరో కుమార్తె బిడ్డకు మోషే అని పేరు పెడుతుంది. పదకొండో వచనానికి ఆయన పెద్దవాడై, తన జనుల బరువులు చూడటానికి వెళ్తాడు. అపొస్తలుల కార్యములలో స్తెఫను చెప్పిన లెక్క ప్రకారం అప్పటికి ఆయన వయసు 40 ఏళ్లు. రెండు వచనాల నడుమ నాలుగు దశాబ్దాలు గడిచిపోయాయి. చిత్రం తీసేవారు అక్కడ ఏదో ఒకటి చూపించక తప్పదు. ఏమీ చూపించకుండా దాటివేసినా అది కూడా వారు తీసుకున్న నిర్ణయమే.

ఈ పనికి పూనుకున్నవారిలో మీరు మొదటివారు కారు. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ మోషేను ఐగుప్తు సేనానిగా చేసి కూషీయుల (ఐగుప్తుకు దక్షిణాన ఉన్నవారి) మీదికి దండయాత్రకు పంపాడు. యూదు బోధకులైన రబ్బీలు లేఖనాలకు చెప్పిన వ్యాఖ్యానం, మిద్రాషు, మరెన్నో కథలు చేర్చింది. 1956లో ‘ది టెన్ కమాండ్‌మెంట్స్’ తీసిన సెసిల్ బి. డెమిల్, లేఖనాలతో పాటు ప్రాచీన రచయితలు ఫైలో, జోసీఫస్, యూసేబియస్‌ల పేర్లను, మిద్రాషు పేరును చిత్రం ఆరంభంలోనే తెర మీద వేశాడు. 1998లో వచ్చిన ‘ది ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్’ బొమ్మల చిత్రం, తాము కొంత స్వేచ్ఛ తీసుకున్నామనీ, అసలు కథ నిర్గమకాండంలో ఉందనీ ప్రేక్షకులకు ముందే చెప్పింది. ఈ రెండు పద్ధతులూ నాకు నచ్చుతాయి. ఊహించడం తప్పు కాదు, ఊహను వాక్యంగా చలామణీ చేయడం తప్పు. మీరు కూడా ఆ నాలుగు మాటలు మొదట్లోనే రాయండి. మీ పెద్దలకు సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

నాకు ఎక్కువ దిగులు కలిగించేది లేనిదాన్ని చేర్చడం కాదు, ఉన్నదాన్ని వదిలేయడం. సినిమాల్లో ఫరోకు తరచుగా రామెసేసు అన్న పేరు ఉంటుంది, అతడు మోషేతో కలిసి అన్నదమ్ముడిలా పెరుగుతాడు. నిర్గమకాండంలో రామెసేసు అన్నది ఇశ్రాయేలీయులు కట్టిన ఒక పట్టణం పేరు. ఫరోకు ఆ గ్రంథం పేరే చెప్పదు. అదే గ్రంథం ఇద్దరు మంత్రసానుల పేర్లను మాత్రం జాగ్రత్తగా రాసిపెట్టింది: షిఫ్రా, పూయా. మగబిడ్డలను చంపమని రాజు ఆజ్ఞాపిస్తే వారు చంపలేదు, ఎందుకు చంపలేదని నిలదీస్తే రాజు ఎదుటే తడుముకోకుండా బదులు చెప్పారు. ఐగుప్తులో మొట్టమొదటి ఎదిరింపు వారిదే, అయినా తెర మీద వారికి దక్కిన చోటు చాలా తక్కువ. మీ చిత్రం వారితో మొదలైతే ఒక్క కల్పన కూడా అవసరం లేకుండానే పది నిమిషాల గట్టి నాటకీయత మీ చేతికి వస్తుంది.

రెండోది వయసు. ఫరో ఎదుట నిలబడినప్పుడు మోషేకు 80, అహరోనుకు 83 ఏళ్లని ఏడో అధ్యాయం స్పష్టంగా చెబుతోంది. ఇద్దరు ముసలివాళ్లు ఒక చేతికర్రతో రాజప్రాసాదం మెట్లెక్కుతున్న దృశ్యాన్ని ఊహించుకోండి. కండలు తిరిగిన యువకుణ్ణి ఎక్కించడం కంటే అది ఎంత బలమైనదో మీకే తెలుస్తుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. “నేను నోటి మాంద్యము నాలుక మాంద్యము గలవాడను” అని మోషే దేవునితోనే మొరపెట్టుకున్నాడు. మోషే మాటలలో ప్రవీణుడని స్తెఫను అన్నాడు కదా అని మీరు అడగవచ్చు. మాటలో బలముండటం వేరు, నోరు తిరగడం వేరు. డెమిల్ చిత్రంలో మోషేగా నటించిన చార్ల్‌టన్ హెస్టన్ గంభీరమైన కంఠాన్ని విన్న తరువాత ఈ మోషేను ఊహించుకోవడం కష్టమే. అర్నాల్డ్ షోన్‌బర్గ్ సంగీత నాటకం ఆధారంగా 1975లో వచ్చిన ‘మోసెస్ ఉండ్ ఆరోన్’ చిత్రంలో మోషే దాదాపుగా పాడడు, పాటకూ మాటకూ మధ్యస్థంగా ఉండే స్వరంతో పలుకుతాడు. అహరోను మాత్రం ధారాళంగా పాడతాడు. మీకు సంగీత నాటకం అక్కర లేదు. మోషే ఒక వాక్యం మొదలుపెట్టి ఆగిపోవడం, అన్న అందుకుని పూర్తి చేయడం, ఆ పూర్తి చేసిన మాట తాను అనుకున్నది కాదని మోషే ముఖంలో కనిపించడం, ఈ మూడూ రాయగలిగితే అహరోను బంగారు దూడను చేసిన ఘట్టం వచ్చేసరికి అన్నదమ్ముల నడుమ ఏం జరిగిందో ఎవరూ విడమరిచి చెప్పనక్కర లేదు.

ప్రశ్న: దేవుని స్వరాన్ని ఎవరి గొంతుతో వినిపించాలి? మంద్రమైన గొంతుకు ప్రతిధ్వని కలిపితే పౌరాణిక చిత్రాల ఆకాశవాణిలా ఉంటోంది.
– ఒక శబ్దగ్రాహకుడు, హైదరాబాద్

జవాబు: మీకు కలిగిన ఇబ్బంది పెద్ద దర్శకులకు కూడా కలిగింది. 1956 నాటి చిత్రంలో మండుతున్న పొదలోంచి వినిపించేది హెస్టన్ గొంతే. 1998 చిత్రంలో మోషేకూ దేవునికీ వాల్ కిల్మర్ ఒక్కడే గాత్రమిచ్చాడు. 2014లో తన మోషే చిత్రంలో దర్శకుడు రిడ్లీ స్కాట్ దేవుని తరఫున మాట్లాడటానికి ఒక బాలుణ్ణి నిలబెట్టాడు, చాలామంది నొచ్చుకున్నారు. ఇక్కడ మిద్రాషులోని ఒక చక్కని ఊహ మీకు ఉపయోగపడవచ్చు: గట్టిగా పిలిస్తే మోషే బెదిరిపోతాడనీ, మెల్లగా పిలిస్తే లెక్కచేయడనీ తలచి, దేవుడు అతని తండ్రి అమ్రాము గొంతుతో పిలిచాడట. మీ చిత్రంలో తండ్రి పాత్ర మొదట్లో ఒక్కసారి బిడ్డను పిలిస్తే చాలు, పొద దగ్గర ఆ గొంతునే మళ్లీ వినిపించవచ్చు.

ఏలీయా ఘట్టమైతే నా సలహా వేరుగా ఉంటుంది. కర్మెలు పర్వతం మీద దిగివచ్చిన అగ్నిని అందరూ తీస్తారు. ఆ తరువాతి అధ్యాయంలో, హోరేబు గుహ దగ్గర, పెనుగాలిలోనూ భూకంపంలోనూ దేవుడు ప్రత్యక్షం కాలేదు, ఆ తరువాత వచ్చిన అగ్నిలోనూ కాలేదు. అటు పిమ్మట “మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము” వినబడింది. హీబ్రూ మూలంలోని మాటలకు సన్నని నిశ్శబ్దపు స్వరమన్న అర్థం కూడా వస్తుంది. అక్కడ నేపథ్య సంగీతం పూర్తిగా ఆపేయండి. హాలులో కూర్చున్నవాడికి పక్కవాడి ఊపిరి వినిపించేంత నిశ్శబ్దం రావాలి, అది మీ చేతిలోనే ఉంది.

ప్రశ్న: మా బృందంలోని ముస్లిం మిత్రుడు నోవహు పాత్ర వేయడానికి ఒప్పుకోలేదు. కారణమేమిటి?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: నోవహు, అబ్రాహాము, మోషే ముస్లింలకు కూడా ప్రవక్తలే, నూహ్, ఇబ్రాహీం, మూసా అని పిలుస్తారు. ప్రవక్తలను నటులు అభినయించడాన్ని సున్నీ పండితులు సాధారణంగా అంగీకరించరు. 2014లో ‘నోవా’ చిత్రం విషయంలో కైరోలోని సున్నీ విద్యాసంస్థ అల్‌అజ్‌హర్ ఈ కారణంతోనే అభ్యంతరం తెలిపింది. కతార్, బహ్రెయిన్, యూఏఈలు దాని ప్రదర్శనకు అనుమతి ఇవ్వలేదు. షియాలు ఎక్కువగా ఉన్న ఇరాన్‌లో మాత్రం 2008లో యూసుఫ్ ప్రవక్త జీవితాన్ని నటుని ముఖంతోనే టీవీ ధారావాహికగా చూపించారు. మీ మిత్రుణ్ణి బలవంతపెట్టకండి. ఆయన తిరస్కారంలో ఉన్నది ఆ ప్రవక్త పట్ల గౌరవమే.

ప్రశ్న: సంభాషణలు మన బైబిలులోని గ్రాంథికంలో ఉండాలా, వాడుక భాషలో ఉండాలా?
– ఒక రచయిత, రాజమహేంద్రవరం

జవాబు: “ఇశ్రాయేలీయులారా, ఆలకించుడి” అన్న మాట చిన్నప్పటి నుంచి చెవిన పడుతూ వచ్చినవారికి ఆ భాషతో ఒక బంధం ఉంటుంది, దాన్ని తేలిగ్గా తెంచకూడదు. అయితే ఆమోసును గుర్తు చేసుకోండి. ఆయన తెకోవ ఊరివాడు, పసులకాపరి, మేడిపండ్లు ఏరుకునేవాడు, తాను ప్రవక్తను కానని స్వయంగా చెప్పుకున్నవాడు. అలాంటి మనిషి ఇంట్లోనూ మందలోనూ గ్రాంథికం మాట్లాడితే నమ్మబుద్ధి కాదు. మామూలు సంభాషణను పాత్ర పుట్టిన చోటుకూ చేసే పనికీ తగిన సరళమైన తెలుగులో రాసి, “యెహోవా సెలవిచ్చునదేమనగా” అని మొదలయ్యే ప్రవచనాన్ని మాత్రం గ్రంథంలో ఉన్నట్టే ఉంచండి. తనది కాని మాట ఆ మనిషి నోట వస్తోందని భాష మారడం వల్లనే తెలుస్తుంది.

ప్రశ్న: మోషే, ఏలీయాల కథల్లో సంఘటనలున్నాయి. యిర్మీయా, యెహెజ్కేలు గ్రంథాల్లో అంతా ప్రసంగమే కదా, తెర మీద ఏం చూపిస్తాం?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆ గ్రంథాలను ఇంకొకసారి నెమ్మదిగా చదవమని కోరుతున్నాను, ఎందుకంటే ఈ ఇద్దరూ నోటితో ఎంత మాట్లాడారో ఒంటితోనూ వస్తువులతోనూ అంతగానే మాట్లాడారు. యెహెజ్కేలు ఇటుక మీద యెరూషలేము పటం గీసి, దాని చుట్టూ ముట్టడి దిబ్బలు పేర్చి, ఎడమ ప్రక్కన 390 దినాలు, కుడి ప్రక్కన 40 దినాలు పడుకున్నాడు. యిర్మీయా పెద్దల ఎదుట మట్టి కూజాను పగలగొట్టాడు. మెడకు కాడి కట్టుకున్నాడు. బబులోను సైన్యం నగరాన్ని చుట్టుముట్టి ఉండగా, తాను చెరసాలలో ఉండి, అనాతోతులోని పొలాన్ని 17 తులముల వెండి తూచి ఇచ్చి కొన్నాడు. నగరం కూలిపోతుందని చెప్పి చెప్పి అలసిపోయిన మనిషి భూమి పత్రం రాయించి, మట్టికుండలో దాచిపెట్టించడం కంటే గొప్ప దృశ్యాన్ని ఏ రచయిత రాయగలడు?

యిర్మీయా గ్రంథం ముప్పై ఆరో అధ్యాయం దాదాపు స్క్రిప్టులాగే ఉంది. చలికాలం, రాజు ఎదుట కుంపటి మండుతోంది. యెహూది అనే అతను యిర్మీయా ప్రవచనాల గ్రంథపు చుట్ట చదువుతున్నాడు. మూడు నాలుగు పేజీలు పూర్తికాగానే రాజు యెహోయాకీము చాకుతో ఆ భాగాన్ని కోసి నిప్పులో వేస్తాడు. మళ్లీ చదువు, మళ్లీ కోత, చుట్ట అంతా కాలిపోయేదాకా. తరువాత లేఖికుడు బారూకు యిర్మీయా ఎదుట కూర్చుని మొదటి నుంచీ మళ్లీ రాస్తాడు. కెమెరా రాజు ముఖం మీద కాదు, రాసే చేతి మీద ఎక్కువసేపు నిలవాలని నా కోరిక.

ఆపైన గోతి ఘట్టం. ప్రవక్తను నీళ్లు లేని గోతిలోకి దింపుతారు, ఆయన బురదలో దిగబడిపోతాడు. కూషీయుడైన ఎబెద్మెలెకు అప్పటి రాజు సిద్కియాను బతిమాలి, 30 మందితో వచ్చి, తాళ్లు దింపే ముందు ఖజానా కింది గదిలోంచి పాత చింకి గుడ్డలు తెచ్చి కిందికి అందిస్తాడు. తాళ్లు ఒరుసుకోకుండా వాటిని చంకల కింద పెట్టుకోమని పైనుంచి చెబుతాడు. కత్తులూ ముట్టడీ ఎలా తీసినా సరే, ఆ గుడ్డలను మాత్రం దగ్గరగా, తీరిగ్గా చూపించండి.